ముగింపు తర్వాత ఒక పేజీ

రెండో పేజీ దాకా పద్మనాభయ్యకు ఏ అనుమానమూ రాలేదు. మూడో పేజీ తిప్పగానే చేతిలో ఎర్రపెన్ను ఆగిపోయింది.

కోవూరులో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ, జువాలజీ వాళ్ల గది. మార్చి నెలాఖరు. నెత్తిన ఫ్యాను తిరుగుతున్నా చొక్కా వీపుకు అంటుకునే ఉంది. బల్ల మీద మూడో సంవత్సరం బీఎస్సీ పిల్లల మిడ్ పరీక్ష పేపర్లు నలభై ఒకటి. ఆయన దిద్దుతున్నది ఇరవై ఏడోది. కణంలో ప్రొటీన్ తయారీ ఎట్లా ముగుస్తుందో వివరించమని ఆరో ప్రశ్న, పది మార్కులు. అంతకు ముందు దిద్దిన ఇరవై ఆరుగురూ ఒకే పొలం గెనిమ గట్టు మీద ఒకరి వెనక ఒకరు నడిచినట్టు రాశారు. ఎమ్‌ఆర్‌ఎన్‌ఏ అనే పోగు మీద రైబోజోము మూడేసి అక్షరాలు చదువుకుంటూ, ఒక్కొక్క అమైనో ఆమ్లాన్ని గుచ్చుకుంటూ పోతుంది. ఆపు అనే గుర్తు రాగానే విడుదల చేసే కారకం వచ్చి కూర్చుంటుంది. తయారైన ప్రొటీన్ ఊడి బయటపడుతుంది. అంతే. ఇరవై రెండేళ్లుగా పద్మనాభయ్య చెప్పే నోట్సు కూడా అంతే. అక్కడికి రాగానే బోర్డు మీద అడ్డగీత గీసి డస్టరు అందుకోవడం ఆయనకు అలవాటు.

ఈ పిల్ల అడ్డగీత గీయలేదు.

ప్రొటీన్ వెళ్లిపోయినంత మాత్రాన రైబోజోముకు విడుదల దొరకదు, అని ఇంగ్లీషులో ఎత్తుకుంది. అది ఇంకా ఆ పోగును కరుచుకునే ఉంటుందట. లోపల, మోసుకొచ్చిన ఆమ్లాన్ని దించేసిన ఖాళీ టీఆర్‌ఎన్‌ఏ ఒకటి ఇరుక్కునే ఉంటుందట. తనంతట తాను త్వరగా ఊడి రాలేదట. బ్యాక్టీరియాలో అయితే రీసైక్లింగ్ ఫ్యాక్టర్ అనే చిన్న ప్రొటీన్ లోపలికి దూరుతుంది, ఈఎఫ్-జీ అనే ఇంకొకటి వచ్చి దానితో కలిసి తోస్తుంది, ఆ ఊపుకు రైబోజోము పెద్ద ముక్క, చిన్న ముక్కగా విడిపోతుంది. చిన్న ముక్కకు అంటుకున్నవి కూడా వదిలిపోయాక, ఆ రెండు ముక్కలూ వేరొక పోగు మొదట్లో మళ్లీ జతకూడుతాయి. మన కణాల్లో ఈ విడదీసే పని ఏబీసీఈ-1 అనేది చేస్తుంది. అది లేకపోతే, పని అయిపోయిన రైబోజోములు ఆపు గుర్తు దగ్గరే గుంపు కడతాయి. కొన్ని గుర్తు దాటి, చదవాల్సిందేమీ లేని తోకలోకి పోయి తిరుగుతాయి. కొత్త పనికి రైబోజోములు చాలవు.

కింద బొమ్మ. విడిపోయిన రెండు ముక్కల దగ్గర మొదలైన బాణం, చుట్టు తిరిగి మళ్లీ పోగు మొదటికి వచ్చింది.

పద్మనాభయ్య వెనక్కి తిప్పి మొదటి రెండు పేజీలు చూశాడు. వాక్యానికొక కొట్టివేత. ఈ పేజీలో ఒక్కటంటే ఒక్కటి లేదు. పేపరు ఎత్తి వెలుతురుకు పెట్టి చూశాడు. కింద ఏదైనా పెట్టి రాస్తే నొక్కుళ్లు పడతాయి కదా అని వేలితో తడిమాడు. ఏమీ లేవు. లేకపోవడం కూడా ఆయనకు నచ్చలేదు.

పేరు చూస్తే షారన్. విడవలూరు వైపు నుంచి బస్సులో వచ్చే పిల్ల. మూడో బెంచీ చివర కూర్చుంటుంది, నోరు తెరిచి మాట్లాడగా ఆయన విన్న గుర్తు లేదు. బీరువాలోంచి పాఠ్యపుస్తకం తీసి వెతికాడు. ముగింపు దశ కింద సగం వాక్యం ఉంది, రైబోజోము విడిపోవును అని. ఎవరు విడదీస్తారో లేదు. అప్పుడు ఫోను తీసి, బల్ల కింద పెట్టుకుని, తానే కాపీ కొడుతున్నవాడి మాదిరి చూసుకున్నాడు. పిల్ల రాసిందంతా సరిగ్గానే ఉంది. తప్పయి ఉంటే ఆయన మనసు కాస్త నిమ్మళించేదేమో.

ఆ రోజు పరీక్ష గది చూసింది సుప్రియ. గెస్టు లెక్చరరు, చేరి రెండేళ్లు. పద్మనాభయ్య ఆమెను పిలిచి, గంటన్నరలో ఎన్నిసార్లు కూర్చున్నదీ, ఎన్నిసార్లు వరండాలోకి పోయిందీ వివరం అడిగాడు. అసలు కూర్చోనేలేదని ఆమె చెప్పింది. ఆయన పేపరు ఆమె వైపు తోశాడు. సుప్రియ నిలబడే చదివి, ఎవరు సార్ ఇంత బాగా రాసిందని అడిగింది.

"బాగుందనే కదమ్మా నా బాధ," అన్నాడు. "తప్పులు ఎవరికి వాళ్లు సొంతంగా రాసుకుంటారు. ఒప్పే ఎక్కడినుంచో రావాల."

మధ్యాహ్నం బెల్లు కొట్టాక షారన్‌ను పిలిపించాడు. పిల్ల వచ్చి గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, బ్యాగు ముందుకు తెచ్చుకుని రెండు చేతులా పట్టుకుని నిలబడింది. చున్నీ అంచుకు వరిదుమ్ము ఉంది. పద్మనాభయ్య ముందు ఆమె చేతులు చూశాడు, వేళ్ల సందులు, అరచేతులు. తరవాత పేపరు తిప్పి పెట్టాడు.

"ఈ పేజీ ఎక్కడిది?"

"నేనే రాసినా సార్."

"రాసింది నువ్వే. చెయ్యి నీదే. ఏడ చూసి రాసినావు అంటుండా."

"చదువుకోనుండినా సార్. ఫోనులో."

ఫోను అన్న మాట ఆయనకు చాలింది. పక్క బల్ల దగ్గర రికార్డులు సర్దుతున్న సుప్రియ వైపు, విన్నావా అన్నట్టు చూశాడు. ఫోను పరీక్ష గదిలోకి తీసుకుపోయావా అంటే లేదంది. ఎక్కడ పెట్టావంటే అందరి మాదిరే ఆఫీసు గదిలో ఇచ్చానంది. సరే, ఆ ఖాళీ టీఆర్‌ఎన్‌ఏ ఏమవుతుందో తెలుగులో చెప్పమన్నాడు. పిల్ల గొంతు సవరించుకుని, ముందు రెండు ముక్కలూ విడిపోతాయి, చిన్న ముక్కకే అది అంటుకుని ఉంటుంది, అప్పుడు ఐఎఫ్-3 అనేది వచ్చి దాన్ని ఊడదీస్తుంది అని చెప్పింది. చెప్పేటప్పుడు కుడిచెయ్యి బ్యాగు వదిలి గాలిలో ఏదో కొక్కెం తప్పిస్తున్నట్టు కదిలింది. ఐఎఫ్-3 సంగతి పేపర్లో లేదు. రాయనిది కూడా చెబుతోందంటే పిలుస్తారని తెలిసి సిద్ధపడి వచ్చిందన్నమాట, అనుకున్నాడు పద్మనాభయ్య. చెప్పలేకపోయి ఉంటే అప్పుడూ ఆయన దగ్గర ఒక మాట సిద్ధంగానే ఉంది.

"నేను చెప్పలేదు, పుస్తకంలో లేదు, సిలబస్‌లో లేదు. మరి నీకెందుకు పుట్టింది దీన్ని చదవాలని?"

షారన్ తలెత్తింది. అంతసేపూ బల్ల అంచును చూస్తున్న పిల్ల, మొదటిసారి ఆయన ముఖంలోకి చూసింది. ఆయనే ఏదో అంటాడని కాచుకున్నట్టు కాసేపు అట్లాగే చూసి, ఆయన ఏమీ అనకపోయేసరికి మళ్లీ తల దించుకుంది. అడిగింది నిన్నే అని రెండుసార్లు గద్దించినా నోరు విప్పలేదు.

"చూసినావా ఆ చూపు," అన్నాడు, పిల్ల వెళ్లాక సుప్రియతో. "దొరికిపోయినోళ్లు అట్టనే చూస్తారు. మనం ఎంత దూరం కనిపెట్టినామో కొలుచుకుంటా ఉంటారు."

సుప్రియ రికార్డులకు దారం కడుతూ, మాల్‌ప్రాక్టీసు కింద రాస్తే ఆ పిల్లకు హాల్‌టికెట్టు రాదు కదా సార్ అంది. రాదని ఆయనకూ తెలుసు. మన కాలేజీ నియమం ప్రకారం సెమిస్టరు పరీక్షలన్నీ పోతాయి, మళ్లీ వచ్చే ఏడు ఇదే నెలకు గాని రాయలేదు, ఎమ్మెస్సీ ఎంట్రన్సుకు ఫీజు కూడా కట్టింది అని ఆమె ఒక్కొక్కటే చెప్పింది. నియమం తాను పెట్టింది కాదన్నాడు పద్మనాభయ్య. పరీక్ష గదిలో నిలబడ్డవాళ్లు కళ్లు తెరుచుకుని నిలబడి ఉంటే తనకీ రాత పని తప్పేదన్నాడు. సుప్రియ దారం ముడి బిగించి బయటికి పోయింది.

ఫారం రెండు పేజీలు. విద్యార్థి పేరు, నంబరు, సబ్జెక్టు, ఏ విధంగా కాపీ జరిగినదీ. ఆ గడిలో 'ఫోను సహాయంతో అని బలమైన అనుమానం' అని రాశాడు. తండ్రి పేరు గడిలో, ఆఫీసు రిజిస్టరు చూసి తిమోతి అని రాశాడు. తండ్రి ఫోను నంబరు రాసి, సరిగ్గా ఎక్కించానా లేదా అని అలవాటు కొద్దీ తన ఫోనులో కొట్టి చూశాడు. ఆరంకెలు కొట్టేలోగా ఫోనే పేరు చూపించింది. మిషను తిమోతి.

పద్మనాభయ్య కుర్చీలో వెనక్కి వాలాడు.

మిషను తిమోతి అంటే కోత మిషన్ల ఏజెంటు. కోతల కాలంలో తమిళనాడు నుంచి చైను మిషన్లు లారీల మీద వస్తాయి. ఎవరి వరిపొలం కయ్య ముందు, ఎవరిది తరవాత అనే వంతు తిమోతి చేతిలో ఉంటుంది. పద్మనాభయ్యకు విడవలూరు దారిలో అయిదెకరాలు పండి ఉంది. వంతు శనివారం అని చెప్పి వారమైంది. ఇవాళ మంగళవారం. తూర్పున సముద్రం మీద రెండు రోజులుగా మబ్బు కమ్ముతోంది. గింజ కోత దాటిపోతోంది, ఒక్క వాన పడితే వెన్ను మీదే మొలక వస్తుంది. ఆయన పొద్దునా సాయంత్రం గెనిమ మీద నిలబడి, ఒక గింజ పళ్ల మధ్య కొరికి చూసుకుని వస్తున్నాడు.

ఇంటికి చేరి చొక్కా తగిలిస్తుండగా ఫోను మోగింది. తిమోతే.

"సార్, రేపు తొమ్మిదికంతా మీ కయ్యల్లో మిషను దించేస్తా. ట్రాక్టరు, పట్టలు పెట్టుకోండి."

శనివారం అన్నావు కదా అంటే, వంతు మారింది సార్, ఆకాశం చూస్తుండారు కదా అని పెట్టేశాడు.

పద్మనాభయ్య ఫోను చేతిలోనే పట్టుకుని భార్య వైపు చూసి నవ్వాడు. కామాక్షి వరండాలో కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తోంది. ఆయన సంగతంతా చెప్పి, మధ్యాహ్నం ఆ పిల్లను నిలదీశా, సాయంత్రానికి మూడు రోజులు ముందుకు జరిగింది వంతు, దీన్ని ఏమంటారు అన్నాడు. ఇరవై రెండేళ్లలో తనను కొనాలని చూసినవాళ్లు చాలామందే ఉన్నారనీ, కోత మిషనుతో కొన చూసింది మాత్రం వీడేననీ అన్నాడు.

"అయితే వద్దనండి," అంది కామాక్షి.

ఆయన నవ్వు ఆగింది.

"వాడేం ఊరికే కోస్తాడా. గంటకి ఇంతని తీసుకోడూ."

"తీసుకుంటాడు. అయినా మీకు లంచమని తోచింది కదా. వద్దనండి, శనివారమే రమ్మనండి. వాన పడితే పడుతుంది."

పద్మనాభయ్య వాకిట్లోకి పోయి తూర్పు వైపు చూసి వచ్చాడు. ఫారం పొద్దున్నే ఇచ్చేస్తాను, ఇచ్చాకనే మిషను కయ్యలో దిగుతుంది, అప్పుడు ఎవరూ వేలెత్తి చూపలేరు అన్నాడు. కామాక్షి చేటలో గింజలు ఊదుకుంటూ, మీ లెక్క మీకు బాగానే కుదిరింది అని మాత్రం అంది.

అన్నట్టే బుధవారం పొద్దున ఎనిమిదిన్నరకు ప్రిన్సిపాలు సుకుమార్ చేతికి ఫారం ఇచ్చి, పక్కన సంతకం కూడా పెట్టాడు. హాల్‌టికెట్ల జాబితా మధ్యాహ్నం రెండింటికి నోటీసు బోర్డులో పెడతామని, ఈ పేరు తీసేయిస్తానని సుకుమార్ చెప్పాడు. ఆ పూటకు సెలవు చీటీ రాసిచ్చి, పద్మనాభయ్య మోపెడ్ మీద కయ్యకు పోయాడు.

అప్పటికే లారీ వచ్చి ఉంది. రెండు పలకలు వాల్చి మిషనును దించుతున్నారు. చైను ఒక్కొక్క పట్టీ పలక మీద పడుతుంటే నేల అదురుతోంది. డ్రైవరు సేలం వైపు మనిషి, చెవులకు తువ్వాలు చుట్టుకుని ఎవరితోనూ మాట్లాడకుండా పైకెక్కాడు. తిమోతి నిక్కరు మీద చొక్కా వేసుకుని, మోకాళ్ల దాకా మట్టితో, ముందుకు నడుస్తూ చేతులతో దారి చూపిస్తున్నాడు. పద్మనాభయ్యను చూసి చెయ్యెత్తి దణ్ణం పెట్టి మళ్లీ పనిలో పడ్డాడు.

మిషను కయ్యలో దిగి వరిని మేసుకుంటూ పోయింది. వెనక నుంచి గడ్డి పడుతోంటే తెల్లకొంగలు గుంపుగా వెంటబడ్డాయి. పద్మనాభయ్య ఆ కొంగల వెనకే నడిచాడు. గడ్డి పిడికెడు తీసుకుని విదిలించి, గింజ ఎంత బయటికి పోతోందో చూశాడు. మిషను మలుపు తిరిగినప్పుడల్లా చేతి గడియారం చూసుకుని, కాగితం ముక్క మీద రాసుకున్నాడు. గంటకింత అని కట్టేవాళ్లెవరూ మిషను కయ్యలో ఉండగా గెనిమ దిగరు, అందులో ఆయన మరీను. కానీ ఆయన చెవి మాత్రం తిమోతి మీదే ఉంది. ఇప్పుడు ఎత్తుతాడు మాట, ఇప్పుడు ఎత్తుతాడు అని కాచుకున్నాడు. తిమోతి ట్రాక్టరును గింజ పోసే గొట్టం కిందికి తెప్పించడం, తడిమన్ను ఉన్న మూల డ్రైవరుకు చూపించి తప్పించడం తప్ప ఏ మాటా ఎత్తలేదు.

పదకొండు దాటాక, పడిపోయిన వరి దగ్గర ముందున్న కోత చక్రానికి గడ్డి చుట్టుకుని మిషను ఆగింది. ఇంజను ఆపించి, తిమోతి కొడవలితో దాన్ని కోసి లాగుతున్నాడు. పద్మనాభయ్య దగ్గరికి పోయి నిలబడ్డాడు. తానే మొదలుపెట్టాడు.

"శనివారం వంతు బుధవారానికి ఎట్టా వచ్చిందబ్బా?"

తిమోతి తల తిప్పకుండానే, ఇవాళ వంతున్న ఇందిరమ్మ గారి కయ్యకు కాలవ గండి పడిందన్నాడు. నీళ్లు నిలబడినాయి, మిషను దిగితే చైను లోపలికి పోతుంది, ఆమెది ఆరాక చూస్తాను, పక్కన ఆరింది మీదే కాబట్టి దించినా అన్నాడు. పద్మనాభయ్య రెండు గెనిమల అవతలికి చూశాడు. వరి మొదళ్లలో నీళ్లు మెరుస్తున్నాయి. కొంగలు అక్కడ కూడా ఉన్నాయి, కాళ్లు సగం మునిగి.

"సార్, ఒక మాట అడగొచ్చునా," అన్నాడు తిమోతి.

వచ్చింది, అనుకున్నాడు పద్మనాభయ్య. జవాబు ముందే కూర్చుకుని పెట్టుకున్నాడు. అడగమన్నాడు.

"మా షారను మీ కాడనే కదా చదివేది. మీరు పెట్టిన ప్రశ్నకి ఎట్టా రాసింది సార్?"

"నేను పెట్టిందేంది?"

"అదే సార్, నాకు దాని పేరు నోరు తిరగదు. పని అయిపోయినాక దాన్ని ఎవురు విడదీస్తారు అని. కనుక్కోని పరీక్షలో రాయి, నేను చదువుతా అన్నారంట కదా మీరు." తిమోతి గడ్డి కుచ్చు లాగి పారేసి, కొడవలి పట్టుకున్న చేతి వెనక భాగంతో నుదురు తుడుచుకున్నాడు. "నెల దినాలు ఇంట్లో అదే భజన. దాని ఫోనులో డేటా అయిపోతే నాది లాక్కునేది. రైతులు ఫోను చేస్తే నేను దొరికేవాణ్ణి కాను. ఇంగ్లీషు ముక్కలు రాసి పొయ్యి కాడ గోడకి అంటించింది. మా ఇంటామె ఎలిశబెతు అయితే, ఈ శ్రద్ధ బైబిలు వాక్యాల మీద పెట్టుంటే ఈపాటికి నువ్వు ప్రసంగం చేస్తా ఉందువు అనింది. నన్నూ వదల్లేదు సార్. కోత అయినాక మిషను ఆ కయ్యలోనే నిలబడిపోతే ఏమైతాది నాయినా అని అడిగింది. ఏముంది, పక్క కయ్యోళ్లు వచ్చి మీ నాయిన్ని తంతారు అన్నా."

తిమోతి తన మాటకు తానే నవ్వుకుని మళ్లీ చక్రం మీదికి వంగాడు.

నిన్న ఇంటికొచ్చి ఏమైనా చెప్పిందా అని అడిగాడు పద్మనాభయ్య. ఏం చెప్పలేదు సార్, తలనొప్పి అని అన్నం తినకుండా పడుకుంది, పరీక్షలు కదా అన్నాడు తిమోతి.

గడ్డి దుమ్ము మెడ మీద కొరుకుతోంది. పద్మనాభయ్య తువ్వాలు తీసి తుడుచుకోబోయి, చెయ్యి మెడ మీదే ఉంచి నిలబడిపోయాడు. ఫిబ్రవరిలో ఒక రోజు, అన్నం బెల్లుకు ముందు పీరియడు, కరెంటు లేదు. బోర్డు మీద అడ్డగీత గీసి డస్టరు అందుకుంటుంటే వెనక నుంచి ఒక ఆడపిల్ల గొంతు. తర్వాత రైబోజోము ఏమవుతుంది సార్? క్లాసంతా బెల్లు కోసం చెవులు రిక్కించుకుని ఉంది. ఎవరో పళ్లికిలించారు. ఆయనకు జవాబు తెలియదు. తెలియదని అనడం కూడా ఆయనకు అలవాటు లేదు. వెనక్కి తిరక్కుండానే డస్టరు రుద్దుతూ అన్నాడు, అంత ఆత్రంగా ఉంటే కనుక్కుని పరీక్షలో రాయమ్మా, చదివి పెడతా. ఈసారి అందరూ నవ్వారు. ఎవరు అడిగిందీ చూడను కూడా చూడలేదు.

నిన్న ఆ పిల్ల తలెత్తి చూసింది అందుకు. మీరే కదా సార్ రాయమన్నారు అని ఆయన ముఖం మీద అనలేక, ఆయనకే గుర్తొస్తుందని కాచుకుంది.

ఇంజను మళ్లీ మొదలైంది. పద్మనాభయ్య గడియారం చూశాడు. పదకొండూ నలభై. రెండెకరాలు ఇంకా నిలబడి ఉంది. ఆయన మోపెడ్ వైపు నడుస్తుంటే తిమోతి వెనక నుంచి పరిగెత్తుకొచ్చాడు.

"మిషను కయ్యలో ఉండంగా యాడికి సార్?"

"కాలేజీకి. నువ్వుండావు కదా."

తిమోతికి అది అర్థం కాలేదు. గంటలు ఎవరు రాసుకుంటారు సార్ అని అడిగాడు. పద్మనాభయ్య జేబులో కాగితం ముక్క తీసి అతని చేతిలో పెట్టి బండి ఎక్కాడు.

సుకుమార్ గదిలో ఏసీ చలికి ఒంటి మీద చెమట ఒక్కసారి చల్లబడింది. ప్రిన్సిపాలు వయసులో ఆయనకంటే పన్నెండేళ్లు చిన్న. ఎప్పుడూ గొంతు పెంచడు. దుమ్ము కొట్టుకున్న చొక్కాను, పాదాల మీద మట్టిని చూసి, కూర్చోండి సార్ అన్నాడు. పద్మనాభయ్య కూర్చోకుండా, ఫారం వెనక్కి తీసుకోవాలన్నాడు. పిల్ల కాపీ కొట్టలేదు, తాను పొరబడ్డాను అన్నాడు.

సుకుమార్ ఫైలు తెరిచి ఫారం పైకి తీశాడు. నిన్న బలమైన అనుమానం అని రాశారు, ఇవాళ దేనివల్ల పోయింది సార్ అని అడిగాడు.

"ఆ ప్రశ్న ఆ పాపకి నేనే ఇచ్చినా. క్లాసులో. కనుక్కోని పరీక్షలో రాయమన్నా. మర్చిపోయినా."

"ఎవరన్నా విన్నారా?"

"నలభై మంది విన్నారు. నవ్విపోయినారు. ఒకరికి కూడా గుర్తుండదు."

"నిన్న మీరు అడిగినప్పుడు ఆ అమ్మాయి చెప్పలేదే మరి."

"చెప్పలా."

"ఎందుకు?"

పద్మనాభయ్య తలెత్తి సుకుమార్ ముఖంలోకి చూశాడు. చెప్పాల్సింది గొంతు దాకా వచ్చింది గాని, బయటికి వస్తే ఎట్లా వినిపిస్తుందో ఆయనకు ముందే వినిపించింది. తల దించుకున్నాడు.

సుకుమార్ ఫారం మీద వేలు పెట్టి, తండ్రి పేరు గడి దగ్గర ఆపాడు. మన క్లర్కు హజరత్తయ్య దీని కాపీ టైపు చేస్తూ నంబరు గుర్తుపట్టాడు సార్, అతని పొలం కూడా ఈ మిషను వంతులోనే ఉందట, వచ్చే సోమవారం అన్నాడు. ఆఫీసులో ఒక మాట అనుకుంటున్నారు, నాకు వినపడింది కాబట్టి అడగకుండా ఉండలేను అన్నాడు.

"ఆ అమ్మాయి నాయన మిషను ఇప్పుడు మీ పొలంలో ఉందా సార్?"

"ఉండాది."

"మీ వంతు శనివారం అంట కదా."

"శనివారమే. నిన్న సాయంత్రం మారింది."

కాలవ గండి సంగతి, ఇందిరమ్మ కయ్యలో నీళ్ల సంగతి చెప్పాడు. చెబుతున్నంతసేపూ సుకుమార్ మర్యాదగా తలూపుతూనే ఉన్నాడు. ఆ తలూపు ఎట్లాంటిదో పద్మనాభయ్యకు బాగా తెలుసు. ఎన్నేళ్లుగానో తాను పిల్లల ముందు ఊపుతున్నదే. వివరం ఎంత ఎక్కువ చెబితే అంత కూర్చుకుని వచ్చినట్టు ఉంటుంది. మధ్యలోనే ఆపేశాడు.

సుకుమార్ తెల్లకాగితం, పెన్ను ఆయన ముందు పెట్టాడు. మీరు రాసిస్తే అమ్మాయి పేరు జాబితాలో ఉంటుంది, అందులో నేను అడ్డుపడేది లేదు అన్నాడు. కాకపోతే ఈ రెండు కాగితాలూ సోమవారం కమిటీ ముందుకు పోతాయి, ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూస్తారు, మిమ్మల్ని పిలిచి అడుగుతారు అన్నాడు.

పద్మనాభయ్య అప్పుడు కూర్చున్నాడు. వేళ్లకు అంటిన వరిదుమ్ము కాగితం అంచున మరక పడింది. ఫలానా షారన్ రాసిన మూడో పేజీ సరియైన జవాబు అనీ, దాన్ని రాయమన్నది తానే అనీ, మర్చిపోయి ఆమెను అనుమానించింది కూడా తానే అనీ మూడు వాక్యాలు రాశాడు. మూడో వాక్యం దగ్గర పెన్ను కాసేపు ఆగింది గాని కొట్టివేత పడలేదు. కింద సంతకం పెట్టి, కాగితం తోశాడు.

సుకుమార్ చదివి, తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

"తేదీ కింద టైము కూడా ఉండాలి సార్. ఎనిమిదీ నలభై అయిదు అని వేసుకోండి. ఫారం ఇచ్చిన వెంటనే మనసు మార్చుకున్నట్టు ఉంటుంది. అప్పటికి మిషను మీ పొలంలో దిగలేదు కదా. మీ మంచికే చెబుతున్నా."

గోడ మీద గడియారం పన్నెండు దాటి పది నిమిషాలు చూపిస్తోంది. కిటికీ బయట వరండాలో పిల్లలు అన్నం క్యారియర్లు పట్టుకుని పోతున్నారు. ఆ గుంపులో ఎవరు షారనో ఇక్కడి నుంచి తెలియదు. పద్మనాభయ్య కాగితం మళ్లీ తన వైపు లాక్కున్నాడు. సంతకం కింద పన్నెండూ పది అని వేసి, అంకెలు పలుచగా పడ్డాయని వాటి మీదే ఇంకోసారి గట్టిగా దిద్దాడు.